రెండు భాషల ‘అవసరం’: దీర్ఘకాలిక పేగువ్యాధితో దైనందిన జీవనం



తెలుగులో ‘అవసరం’ అంటే కావలసినది, లేకుంటే గడవనిది. అదే మాట తమిళంలో తొందరను, ఆలస్యం సహించని స్థితిని తెలుపుతుంది. ఆసుపత్రి గోడమీద ‘అవసర సిగిచ్చై’ అని వ్రాసి ఉంటే అది అత్యవసర చికిత్స జరిగే చోటు అని అర్థం. కరిసల్ నేలలో, అంటే ఈ నల్లరేగడి సీమలో, పుట్టి పెరిగిన తెలుగువారికి ఈ రెండర్థాలూ చిన్ననాటి నుండే తెలుసు. ఉద్యోగానికో వ్యాపారానికో ఇటీవల ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల నుండి వచ్చినవారు మొదట తికమకపడతారు. దీర్ఘకాలిక పేగువ్యాధితో జీవించే మనిషికి మాత్రం ఈ మాట రెండు భాషలలోనూ ఒకేసారి వర్తిస్తుంది. అతనికి మరుగుదొడ్డి కావాలి. కావలసినప్పుడు క్షణమైనా ఆగకుండా కావాలి. ఆ మనిషి రోజు ఎలా గడుస్తుంది, అది సాఫీగా గడవడానికి అతడు, అతని ఇల్లు, అతని ఊరు ఏమి చేయవచ్చు అన్నదే నేటి ప్రసంగ విషయం.

ముందుగా చెప్పవలసిన సంగతి ఒకటి ఉన్నది. ఈ వ్యాధిని అదుపులో ఉంచే మందులు నేడు ఉన్నాయి. అయితే ఆ మందు చేతికి రావడానికి ముందు ఒక మాట నోట రావాలి. మలం గురించి, అందులో పడే నెత్తురు గురించి, ఆపుకోలేని తొందర గురించి మాట్లాడడం సిగ్గుచేటని తలచే ఇంట్లో వ్యాధి నెలల తరబడి ముదురుతుంది. ఇంట ఒక భాష, వీధిలో మరొక భాష మాట్లాడేవారికి ఆ సిగ్గు రెండింతలు. అందువల్ల ఈ వ్యాధి విషయంలో మాట కూడా చికిత్సలో భాగమే.

పెద్దపేగు లోపలి పొర వాచి, పుండ్లుపడి, నెత్తురు స్రవించే వ్యాధిని వైద్యులు అల్సరేటివ్ కొలైటిస్ అంటారు. 1859లో లండన్ వైద్యుడు శామ్యూల్ విల్క్స్ ఈ పేరును వాడాడు. చిన్నపేగు చివరి భాగంలో గాని, జీర్ణనాళంలో మరెక్కడైనా గాని వాపు లోతుగా వ్యాపించే మరొక వ్యాధిని 1932లో న్యూయార్క్ వైద్యులు క్రోన్, గింజ్‌బర్గ్, ఒపెన్‌హైమర్ వివరించారు. దానికి క్రోన్ వ్యాధి అన్న పేరు స్థిరపడింది. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే పేగు పొరమీద అదుపు తప్పి దాడిచేయడం ఈ రెండింటికీ మూలం. ఇవి అంటువ్యాధులు కావు. ఒకే కంచంలో తిన్నా, ఒకే ఇంట్లో ఉన్నా మరొకరికి సోకవు. ఇవి ఎవరి పాపఫలమూ కావు. ఏదో ఒకనాడు తిన్న పదార్థం వల్ల కలిగినవీ కావు. ఎక్కువమందిలో ఇవి యౌవనంలో, చదువుకో ఉద్యోగానికో పెళ్ళికో సిద్ధమయ్యే వయసులో బయటపడతాయి. కొంతకాలం పూర్తిగా అణగి ఉంటాయి, మళ్ళీ తలెత్తుతాయి. అణగి ఉన్న కాలాన్ని వీలైనంత పొడిగించడమే చికిత్స లక్ష్యం.

ఇది పాశ్చాత్యుల వ్యాధి అని చాలాకాలం భావించారు. 2003లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో పంజాబులో 51,910 మందిని పరిశీలించగా 23 మందిలో అల్సరేటివ్ కొలైటిస్ కనిపించింది. అంటే లక్షకు రమారమి 44 మంది. ఆ లెక్కను ఈ జిల్లాకు యథాతథంగా తెచ్చి అన్వయించడం సరికాదు. అయినా 2011 జనగణన నాటికే 95 వేల జనాభా ఉన్న కోవిల్‌పట్టి వంటి పట్టణంలో ఈ వ్యాధిగ్రస్తులు ఉండరని అనుకోవడం అంతకంటే సరికాదు. ఉన్నారు, వారిలో కొందరికి తమ వ్యాధి పేరు ఇంకా తెలియదు.

పేరు తెలియకపోవడానికి మాటల గందరగోళమూ ఒక కారణం. మొదటిది ‘అల్సర్’ అన్న మాట. వేళకు తినకపోతే జీర్ణాశయంలో కలిగే మంటను ఇక్కడ తమిళులూ తెలుగువారూ అందరూ అల్సర్ అనే అంటారు. తమిళంలో ‘కుడల్ పుణ్’ అనే మాట కూడా ఉన్నది. పెద్దపేగు పుండ్లతో బాధపడేవాడు తనకు అల్సర్ అని చెప్పగానే, ‘వేళకు తిను, మజ్జిగ తాగు, తగ్గిపోతుంది’ అని చుట్టుపక్కలవారు సలహా ఇస్తారు. సలహాలో ప్రేమ ఉన్నది; వ్యాధి మాత్రం వేరు. రెండవది ‘మూలం’ అన్న మాట. తెలుగులో మొలలు, మూలశంక అనేదాన్ని తమిళంలో మూలం అంటారు. మలంలో నెత్తురు కనిపించగానే మూలమని తామే నిర్ణయించుకొని, గోడమీది ప్రకటన చూసి చికిత్సకు వెళ్ళేవారు ఎందరో. మొలలలో నెత్తురు సాధారణంగా మలం మీదో చివరనో ఎర్రగా పడుతుంది. కొలైటిస్‌లో నెత్తురు, జిగట మలంతో కలిసి, రోజుకు పలుమార్లు, తొందరతో పడుతుంది. అయినా ఈ తేడాను ఇంట్లో కూర్చొని తేల్చడం ప్రమాదం. పరీక్ష చేసిన వైద్యుడే తేల్చాలి.

మూడవది ‘సీతబేది’. చీము, నెత్తురు, బంకతో కూడిన విరేచనాలకు తమిళనాట ఉన్న పేరు అది. క్రిముల వల్ల కలిగే సీతబేది కొద్ది రోజులలో తగ్గుతుంది. వారాలు గడిచినా తగ్గకపోతే, తగ్గి మళ్ళీ మళ్ళీ వస్తే, అది వేరే వ్యాధి కావచ్చునని అనుమానించాలి. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న యాంటీబయాటిక్ మాత్రలు ఒకటికి నాలుగుసార్లు వాడి, ఆరు నెలలు పోగొట్టుకోకూడదు. నాలుగవది, పేగులలో పుండ్లు గాని వాపు గాని లేకుండానే నొప్పి, ఉబ్బరం, విరేచనాలు, మలబద్ధకం కలిగించే ఐబీఎస్ అనే స్థితి. అది కూడా నిజమైన బాధే. కాని అందులో నెత్తురు పడదు, జ్వరం రాదు, బరువు తగ్గదు. అయిదవది క్షయ. భారతదేశంలో క్షయ ఊపిరితిత్తులకే పరిమితం కాదు, పేగులకూ వస్తుంది. పేగుల క్షయ, క్రోన్ వ్యాధి చూపుకు ఒకేలా ఉంటాయి. చికిత్సలు మాత్రం పరస్పర విరుద్ధం. క్షయ ఉన్నవారికి రోగనిరోధక శక్తిని అణచే మందు ఇస్తే క్షయ చెలరేగుతుంది. అందుకే వైద్యుడు కొలనోస్కోపీ చేసి, పేగు పొర నుండి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతానంటే అది అనవసరపు ఖర్చు అనుకోకూడదు.

ఇక వైద్యుని గదిలో మాట. విజయనగర రాజుల, మదురై నాయకుల కాలం నుండి ఈ సీమలో తెలుగు పలుకుతూనే ఉన్నది. కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగు. తెలుగువారి వలసను ‘గోపల్ల గ్రామం’ నవలలో తమిళంలో వ్రాసి, దానికి కొనసాగింపైన ‘గోపల్లపురత్తు మక్కళ్’ నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఆయనే, కరిసల్ నేల మాటలకు ఒక నిఘంటువు కూర్చారు. రెండు భాషల నడుమ బ్రతకడం ఈ నేలకు లోటు కాదని చెప్పడానికి ఆయన రచన చాలు. అయితే కడుపు బాధ వచ్చినప్పుడు మనిషి తల్లి నేర్పిన మాటకే తిరిగిపోతాడు. బజారు తమిళం, పని తమిళం చక్కగా వచ్చినవారికి కూడా దేహపు మాటలు తెలుగులోనే వస్తాయి.

కొన్ని మాటలు అక్కడే తడబడతాయి. తెలుగులో ‘కడుపు’ అంటే పొట్ట. తమిళంలో ‘కడుప్పు’ అంటే మెలిపెట్టే నొప్పి; ‘వయిట్రుక్కడుప్పు’ అంటే బంక విరేచనాలతో కూడిన మెలి. తెలుగువారు ‘బంక’, ‘జిగట’ అనేదాన్ని తమిళంలో ‘సళి’ అంటారు. ఆ మాట వినగానే తెలుగు చెవికి జలుబూ చలీ తోస్తాయి. పేగుకు ‘కుడల్’, నెత్తురుకు ‘రత్తం’, చీముకు ‘సీళ్’, జ్వరానికి ‘కాయ్చ్చల్’, నొప్పికి ‘వలి’, కళ్ళు తిరగడానికి ‘మయక్కం’. ఈ కొద్ది మాటలు తెలిస్తే చాలు, చెప్పవలసినది చాలావరకు చెప్పవచ్చు.

అంతకంటే మేలైన పని, ఆసుపత్రికి వెళ్ళే ముందు ఒక కాగితం మీద అంకెలు వ్రాసుకోవడం. అంకెకు అనువాదం అక్కరలేదు. రోజుకు ఎన్నిసార్లు మలవిసర్జన జరుగుతున్నది, వాటిలో ఎన్నిసార్లు నెత్తురు కనిపించింది, రాత్రి నిద్రలో ఎన్నిసార్లు లేవవలసి వచ్చింది, గత మూడు నెలలలో బరువు ఎంత తగ్గింది, ఏ మందు ఏ తేదీన మొదలైంది, ఏ తేదీన ఆపివేశారు. ఈ ఆరు అంకెలు పది నిమిషాల సంభాషణ చేయలేని పని చేస్తాయి. పాత చీటీలు, కొలనోస్కోపీ నివేదికలు ఒకే సంచిలో ఉంచుకోవాలి. తోడుగా చదువుకున్న కొడుకునో కూతురునో తీసుకువెళ్ళడం మంచిదే. కాని తల్లి తన మలం గురించి బిడ్డ ముందు చెప్పలేక సగం దాచిపెట్టవచ్చు. ఆ సగం కాగితం మీద ఉంటే నష్టం లేదు.

ఇప్పుడు రోజు. ఈ వ్యాధి ఉన్నవారికి తెల్లవారుజాము అన్నింటికంటే కఠినమైన వేళ. వ్యాధి తలెత్తినప్పుడు గంటలో మూడు నాలుగుసార్లు వెళ్ళవలసి రావచ్చు. వెళ్ళివచ్చిన తరువాత కూడా ఇంకా ఉన్నదన్న భావన వదలదు. ఇంట్లో ఒకే మరుగుదొడ్డి ఉండి, బడికి వెళ్ళే పిల్లలు, పనికి వెళ్ళే పెద్దలు వరుసలో నిలబడితే, తలుపు మీద పడే ప్రతి తట్టూ రోగికి పరీక్షే. ఇంటివారు వేళలు పంచుకోవడం, అతనికి మొదటి హక్కు ఇవ్వడం, తలుపు తట్టకపోవడం చిన్న ఏర్పాట్లుగా కనిపిస్తాయి. వాటి విలువ మందుకు తీసిపోదు. కుళాయి నీరు ప్రతిదినమూ రాని వీధిలో ఒక బిందె అతని కోసం విడిగా నింపి ఉంచాలి. త్రాగే నీరు కాచి చల్లార్చినదై ఉండాలి. నీటి ద్వారా వచ్చే సాధారణ అంటువ్యాధి కూడా అణగి ఉన్న కొలైటిస్‌ను లేపగలదు.

ఇల్లు దాటితే ప్రయాణం. విరుదునగర్ నుండి సాత్తూరు మీదుగా కోవిల్‌పట్టికి బస్సులో గంట ప్రయాణం. ఆరోగ్యవంతునికి అది ఒక కునుకు. వ్యాధి చురుకుగా ఉన్నవానికి అది లెక్కపెట్టిన నిమిషాల వరుస. రైలులో మరుగుదొడ్డి ఉంటుంది, బస్సులో ఉండదు. మదురై నుండి విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి మీదుగా తిరునెల్వేలికి రైలుమార్గం ఉన్నందున, ఆసుపత్రికి వెళ్ళే రోజున వీలైతే రైలునే ఎంచుకోవాలి. ఒక మార్పు బట్ట, కొద్దిగా కాగితం, సబ్బు, నీటి సీసా ఉన్న చిన్న సంచి ఎప్పుడూ వెంట ఉంటే మనసు కుదుటపడుతుంది. మనసు కుదుటపడితే పేగు కూడా కొంత నెమ్మదిస్తుంది.

చాలామంది మరొక దారి వెదుకుతారు: ప్రయాణం ఉన్న రోజు తినరు, త్రాగరు. పనిచోట మరుగుదొడ్డి శుభ్రంగా లేని స్త్రీలు పొద్దున్నుండి సాయంత్రం వరకు గొంతు తడపకుండా గడపడం తెలియనిది కాదు. ఈ వేడి సీమలో, విరేచనాలతో నీరూ ఉప్పూ కోల్పోతున్న దేహానికి అది పెద్ద హాని. ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో తలకొట్టిన ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపితే దాహానికీ బలహీనతకూ పనికివచ్చే పానీయం అవుతుంది. చెంచా అంటే ఇక్కడ టీ చెంచా. ఉప్పు కొలత మించకూడదు. దాన్ని గుటకలు గుటకలుగా రోజంతా త్రాగాలి.

పనిచోటు సంగతి ఇంకా బరువైనది. ఈ సీమ జీవనం అగ్గిపెట్టెల, బాణాసంచా కర్మాగారాలతో, నూలు మిల్లులతో ముడిపడి ఉన్నది. చేసిన పనిని బట్టి కూలి లెక్కించే చోట లేచి వెళ్ళిన ప్రతిసారీ కూలి తగ్గుతుంది. రోజుకు ఎనిమిదిసార్లు లేచి వెళ్ళే మనిషిని మేస్త్రీ సోమరి అనుకుంటాడు. అతడు వ్యాధి పేరు చెప్పడు; చెప్పలేక పని మానివేస్తాడు. ఇక్కడ చట్టం ఏమంటున్నదో తెలుసుకోవడం మంచిది. 2025 వరకు అమలులో ఉన్న 1948 నాటి కర్మాగారాల చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం కార్మికులకు సరిపడినన్ని మరుగుదొడ్లు అనుకూలమైన చోట, వారు కర్మాగారంలో ఉన్నంతసేపూ అందుబాటులో ఉండవలసి ఉండేది. ఉద్యోగుల రాజ్యబీమా పథకం కింద నమోదైన కార్మికుడు, చందా నిబంధనలు తీరితే, వైద్యుని ధ్రువపత్రంతో సంవత్సరానికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం అనారోగ్య భృతిగా పొందవచ్చు. వ్యాధి తలెత్తిన వారాలలో పని వదిలివేయకుండా సెలవు పెట్టడానికి ఇది ఒక ఆధారం. యజమానికి వివరాలన్నీ చెప్పనక్కరలేదు. ‘దీర్ఘకాలిక పేగువ్యాధికి చికిత్స పొందుతున్నారు, తరచుగా మరుగుదొడ్డికి వెళ్ళవలసి ఉంటుంది’ అన్న ఒక్క వాక్యం వైద్యుని చీటీలో ఉంటే చాలు. బడిలో చదివే పిల్లలకు కూడా అలాంటి చీటీయే ఉపాధ్యాయుని చేతికి చేరాలి. తలుపు దగ్గరి బల్ల, అడగకుండా బయటికి వెళ్ళే అనుమతి ఉంటే బిడ్డ చదువు ఆగదు.

తరువాత కంచం. ఈ దారిలో ప్రతి ఊరూ పేగుకు ఒక పరీక్ష పెడుతుంది. విరుదునగర్‌లో నూనెలో వేగిన పరోటా, సాత్తూరులో కారసేవు, కోవిల్‌పట్టిలో 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన వేరుసెనగ మిఠాయి, శ్రీవిల్లిపుత్తూరులో అంతకు ముందు ఏడాది ఆ గుర్తింపు పొందిన పాల్కోవా. కారం ఈ వ్యాధిని పుట్టించదు; నూనె పుట్టించదు; పాలు పుట్టించవు. అయితే పేగు వాచి ఉన్నప్పుడు ఇవి బాధను పెంచవచ్చు. అందరికీ ఒకే పథ్యం అంటూ లేదు. ఒకరికి పడనిది మరొకరికి పడుతుంది. కాబట్టి తిన్నదీ, దాని తరువాత జరిగినదీ నాలుగు వారాలపాటు వ్రాసుకొని, తనకు పడనివి తానే గుర్తించడం మంచి పద్ధతి.

వ్యాధి తలెత్తిన రోజులలో మెత్తగా ఉడికిన అన్నం, గంజి, ఇడ్లీ, పడితే పెరుగు, బాగా పండిన అరటిపండు, ఉడికించిన బంగాళాదుంప, క్యారెట్, తినేవారికి గుడ్డు సాధారణంగా తేలికగా సాగుతాయి. సజ్జ గంజి, జొన్న సంకటి, ఊదల అన్నం ఈ కరిసల్ నేల తరతరాలుగా పెట్టిన మంచి ఆహారమే. పీచు ఎక్కువ గనుక వాపు తగ్గేవరకు వాటిని ఆపి, తగ్గిన తరువాత కొద్దికొద్దిగా తిరిగి తెచ్చుకోవాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. భయంతో ఒక్కొక్కటిగా అన్నీ మానివేసి, చివరకు మజ్జిగ అన్నంతో సంవత్సరాలు గడిపి, నెత్తురు తక్కువై, ఎముకలు బలహీనపడి కూర్చుంటారు. వ్యాధి అణగి ఉన్న కాలంలో పప్పు, కూర, పండు అన్నీ ఉన్న భోజనమే చేయాలి. పెళ్ళి విందులో ఒక తునక పాల్కోవా తినడం నేరం కాదు. క్రోన్ వ్యాధి ఉన్నవారు పొగ త్రాగడం మాత్రం పూర్తిగా మానాలి. అది ఆ వ్యాధిని నిశ్చయంగా పెంచుతుంది.

మందుల దగ్గర జరిగే పొరపాటు మరొకటి. స్వీడన్ వైద్యురాలు నానా స్వార్ట్జ్ కీళ్ళవాతానికి రూపొందించిన సల్ఫాసలజైన్ 1940 దశకంలో ఈ పేగువ్యాధికీ ఉపయోగపడింది. నేడు తరచుగా వ్రాసే మెసలమైన్ దాని వంశంలోనిదే. ఈ మందులు రెండు పనులు చేస్తాయి: రేగిన వాపును తగ్గిస్తాయి, తగ్గిన వాపు తిరిగి రేగకుండా కాపాడతాయి. రెండవ పని కంటికి కనిపించదు. నెత్తురు ఆగి, బరువు పెరిగి, నాలుగు నెలలు సుఖంగా గడవగానే ‘ఇంకా ఎందుకీ మాత్రలు’ అన్న మాట ఇంట్లో వినిపిస్తుంది. 2003లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనంలో మెసలమైన్ వాడుతూ వ్యాధి అణగి ఉన్న 99 మందిని గమనించారు. మందు సరిగా వాడనివారిలో వ్యాధి తిరగబెట్టే ప్రమాదం సరిగా వాడినవారికంటే అయిదు రెట్లకు మించి ఉన్నది. మధుమేహం ఉన్నవారు చక్కెర తగ్గిందని మందు ఆపరు; ఇదీ అంతే. స్టెరాయిడ్ మాత్రలు మాత్రం వేరు. అవి రేగిన వ్యాధిని వేగంగా అణచడానికే గాని ఏళ్ళ తరబడి వాడడానికి కాదు. వాటిని వైద్యుడు చెప్పిన క్రమంలో తగ్గించుకుంటూ రావాలి గాని ఒక్కసారిగా ఆపకూడదు. ఒంటినొప్పులకు సొంతంగా కొనే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు పేగువ్యాధిని రేపవచ్చు. నాటుమందు వాడదలచినవారు ఆ మాట వైద్యునికి చెప్పి వాడాలి. దానికోసం ఉన్న మందు ఆపకూడదు. వ్యాధి మొదలై ఎనిమిదేళ్ళు దాటితే, బాధ లేకపోయినా, వైద్యుడు చెప్పిన వ్యవధిలో కొలనోస్కోపీ చేయించుకోవాలి. దీర్ఘకాలపు వాపు పెద్దపేగు క్యాన్సర్‌కు దారితీసే అవకాశం ఉన్నది.

ప్రమాద సూచనలు ఇంటివారందరికీ తెలిసి ఉండాలి. 1955లో ఆక్స్‌ఫర్డ్ వైద్యులు ట్రూలవ్, విట్స్ చెప్పిన కొలమానం నేటికీ చెల్లుతున్నది. రోజుకు ఆరుసార్లు లేదా అంతకు మించి నెత్తురుతో విరేచనాలు, వాటితోపాటు జ్వరం గాని, నాడి నిమిషానికి 90 దాటడం గాని ఉంటే, అది తీవ్రమైన దశ. అప్పుడు మరునాటి వరకు ఆగకూడదు. పొట్ట ఉబ్బి గట్టిపడినా, స్పృహ తప్పుతున్నట్లున్నా అంతే. విరేచనాలు కట్టే మాత్రలు ఆ దశలో వేసుకుంటే పేగు ఉబ్బి ప్రాణాపాయం కలగవచ్చు. విరుదునగర్‌లో 2022 జనవరి 12న ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నది. మదురైలో ప్రభుత్వ రాజాజీ ఆసుపత్రి, తిరునెల్వేలిలో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నాయి. ఏ వేళలో ఎక్కడికి, ఏ వాహనంలో వెళ్ళాలో వ్యాధి అణగి ఉన్న రోజునే నిర్ణయించుకోవాలి.

ఈ వ్యాధితో ఎంత దూరం వెళ్ళవచ్చో తెలుసుకోవడానికి ఒక జీవితం ఉదాహరణ. జపాన్ ప్రధాని షింజో అబే కౌమారం నుండి అల్సరేటివ్ కొలైటిస్‌తో జీవించారు. 2007లో ఆరోగ్యం క్షీణించి పదవి వదిలారు. చికిత్సతో కోలుకొని 2012లో మళ్ళీ ప్రధాని అయి, ఆ దేశంలో అందరికంటే ఎక్కువకాలం ఆ పదవిలో ఉన్నారు. 2020 ఆగస్టు 28న వ్యాధి తిరగబెట్టిందని దేశమంతటికీ చెప్పి తప్పుకున్నారు. ఆయనకు దొరికిన వైద్యం అందరికీ దొరకదు. కాని వ్యాధి పేరును బయట పలికినందువల్ల గౌరవం తగ్గదని మాత్రం ఆ ఉదంతం చూపుతుంది.

ఇళ్ళలో ఆ పేరు పలకలేని సందర్భం పెళ్ళి. ఆడపిల్లకు ఈ వ్యాధి ఉన్నదంటే సంబంధం తప్పిపోతుందన్న భయంతో దాచుతారు. దాచినందువల్ల ఆమె అత్తవారింట మాత్రలు దొంగచాటుగా వేసుకుంటుంది, లేదా మానివేస్తుంది. వ్యాధి తిరగబెట్టేది అక్కడే. వ్యాధి అణగి ఉన్న కాలంలో గర్భం ధరించిన స్త్రీలలో ఎక్కువమంది క్షేమంగా బిడ్డలను కంటారు. గర్భం రాగానే భయపడి మందులు ఆపడమే తరచుగా హాని చేస్తుంది. ఏ మందు కొనసాగించాలి, ఏది మార్చాలి అన్నది గర్భానికి ముందే వైద్యునితో మాట్లాడవలసిన విషయం. ముందే చెప్పి చేసిన పెళ్ళిలో ఆ సంభాషణకు భర్త కూడా వెంట వస్తాడు.

చివరగా ఊరి బాధ్యత. విరుదునగర్ మారియమ్మన్ గుడి పంగుని పొంగలికి వేలాదిమంది వస్తారు. ఆ జనంలో నడవాలంటే పేగువ్యాధి ఉన్నవారికి మొదట కలిగే ప్రశ్న దేవత గురించి కాదు, దగ్గరలో మరుగుదొడ్డి ఎక్కడ ఉన్నదన్నదే. సమాధానం లేక ఇంట్లోనే ఉండిపోతారు. బజారుకు, గుడికి, బంధువుల ఇంటికి వెళ్ళడం ఇలా ఒక్కొక్కటిగా ఆగిపోతాయి. 2005లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం ఒక చట్టం చేసింది. క్రోన్ వ్యాధి ఉన్న ఒక బాలికను దుకాణంలో మరుగుదొడ్డి వాడనివ్వకపోవడం దానికి కారణం. ఇలాంటి వ్యాధి ఉన్నవారు అడిగితే, చట్టంలోని షరతులకు లోబడి, సిబ్బంది మరుగుదొడ్డినైనా వాడనివ్వాలని ఆ చట్టం చెబుతుంది. భారతదేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఈ పేగువ్యాధులు లేవు. అయితే న్యాయస్థాన ప్రాంగణాలలో మరుగుదొడ్ల గురించి 2025 జనవరి 15న ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు, మరుగుదొడ్డి సౌకర్యం కేవలం వెసులుబాటు కాదని, మనిషి ప్రాథమిక అవసరమని, అది మానవ హక్కులలో భాగమని చెప్పింది.

తమిళనాడు పట్టణాలలో ‘నమ్మ టాయిలెట్’ పేరుతో మరుగుదొడ్లు వెలిశాయి. అవి కట్టినంతనే పని పూర్తికాదు. తాళం వేయకుండా తెరచి ఉంచడం, నీరు రావడం, రాత్రివేళ దీపం వెలగడం, ఎటు వెళ్ళాలో చూపే బాణం గుర్తు బస్సు నిలయంలోనూ సంతలోనూ కనిపించడం, ఇవి ఉంటేనే అది మరుగుదొడ్డి. ఆ గుర్తుకు తమిళం, తెలుగు అన్న భేదం లేదు, బొమ్మ చాలు. వార్డు సభలో లేచి ఈ నాలుగూ అడగడానికి పౌరునికి వ్యాధి ఉండనక్కరలేదు. గర్భిణికి, వృద్ధునికి, మధుమేహం ఉన్నవారికి, చంటిబిడ్డ తల్లికి కూడా ఇవే కావాలి. దుకాణదారుడు తన వెనుక గదిని ఒక్క నిమిషం తెరిచి ఇవ్వడానికి చట్టం కోసం వేచి ఉండనక్కరలేదు.

సభలోనివారిలో ఎవరి ఇంట్లోనైనా నెత్తురుతో విరేచనాలు మూడు వారాలు దాటి ఉంటే, రేపు ఉదయమే ఒక కాగితం మీద ఆ ఆరు అంకెలు వ్రాసి, దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాలని మనవి. తెలుగులో వ్రాసినా సరే, తమిళంలో వ్రాసినా సరే.